పద్దెనిమిదేళ్లకే ‘పెద్దాయన’!

జపాన్‌లో ఓ మోస్తరు ఊరు. ఆఫీసుల నుంచి జనం ఇళ్లకు చేరుతున్న వేళ. తెల్లచొక్కా, టై, తలకు హెల్మెట్, జేబుమీద నల్లటి నేమ్‌బ్యాడ్జి... సైకిళ్లమీద జంటగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఓ అపార్ట్‌మెంటు ముందు ఆగుతారు. బెల్లు నొక్కుతారు. తలుపు తెరుచుకోదు. గోడకున్న చిన్న కెమెరాలోంచి చూసి, స్పీకర్లోంచే ఓ ఆడగొంతు ఎంతో మర్యాదగా ‘కెక్కో దెస్’ అంటుంది. మాటకు మాట అర్థం చెప్పుకుంటే ‘బాగుంది’ అని. అసలు అర్థం మాత్రం ‘మాకొద్దు’ అని! మనవాళ్లు ‘చూద్దాం లెండి’ అన్నట్టే. కొత్తగా వచ్చిన కుర్రాడు మొదటి అర్థమే పట్టుకుని సంబరపడతాడు. రెండోవాడు అప్పటికే సైకిల్ స్టాండు తీసేస్తాడు. ఆ మాట వాడికి వెయ్యిన్నొక్కసార్లు వినపడింది మరి.

వీళ్లు మోర్మన్ మిషనరీలు. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘం వాళ్లది. ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అసలు పేరు. తమను ఆ పేరుతోనే పిలవమని 2018 నుంచి సంఘ పెద్దలు గట్టిగా అడుగుతున్నారు కానీ, లోకం నోట్లో మోర్మన్లనే మాటే నానిపోయింది. బైబిల్‌తోపాటు ‘బుక్ ఆఫ్ మోర్మన్’ను కూడా పవిత్రగ్రంథంగా నమ్ముతారు. అది తెలుగులోనూ ఉంది. సంఘం కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్‌లేక్ సిటీ. 2024 చివరినాటికి 450 మిషన్లలో 74 వేలమందికి పైగా ఇలా బ్యాడ్జి పెట్టుకుని ప్రపంచమంతా తిరుగుతున్నారు. ఎక్కువమంది ఇంకా మీసాలు సరిగ్గా రాని పిల్లలే.

ఎక్కడికో తెలీదు

ఈ సంఘంలో పుట్టిన మగపిల్లాడికి పద్దెనిమిది నిండాయంటే ఇంట్లో, చర్చిలో అందరూ అడిగేది ఒకటే... ‘మిషన్‌కు ఎప్పుడు?’ అని. మగపిల్లలకు రెండేళ్లు. దాన్ని బాధ్యతగానే చెబుతారు. ఆడపిల్లలకు ఏడాదిన్నర, అదీ ఇష్టమైతేనే. ఒకప్పుడు ఆడపిల్లలకు 21 ఏళ్లు నిండాలనేవారు. 2012లో దాన్ని 19కి, 2025 నవంబరులో 18కి తగ్గించారు.

జీతం ఉండదు. ఎదురు కట్టాలి. అమెరికా కుటుంబాలు నెలకు 400 డాలర్లు కట్టేవి, 2020 జులై నుంచి 500 చేశారు. చవక దేశానికి వెళ్లినా, జపాన్ లాంటి ఖరీదైన దేశానికి వెళ్లినా అంతే. అందుకే మన ఇళ్లలో ఆడపిల్ల పెళ్లికి కూడబెట్టినట్టు అక్కడ పిల్లాడి మిషన్‌కు చిన్నప్పట్నుంచే కూడబెడతారు. ఇరుగుపొరుగు ఇళ్లలో పచ్చిక కోసిన డబ్బులు కూడా ఆ డబ్బాలోకే.

ఏ దేశం వెళ్లాలో ఎంచుకునే వీలులేదు. సాల్ట్‌లేక్ నుంచి ఎక్కడికి రాస్తే అక్కడికే. పూర్వం పెద్ద తెల్లకవరు పోస్టులో వచ్చేది. తాతయ్యలు, అమ్మమ్మలు, మేనత్తలు, స్నేహితులు హాల్లో కూర్చుంటే అందరి ఎదుటా చింపి చదివేవారు. 2018 చివరి నుంచి కవరు పోయి ఈమెయిల్ వచ్చింది. హాల్లో కూర్చునే చుట్టాలు మాత్రం మారలేదు. జపాన్ అని వస్తే ఆ పిల్లాడికి సుషీ, సుమో తప్ప ఇంకేమీ గుర్తుకు రాకపోవచ్చు.

తర్వాత శిక్షణ. యూటాలోని ప్రోవోలో ఇందుకోసం పెద్ద కేంద్రమే ఉంది. యాభైకి పైగా భాషలు నేర్పుతారు. స్పానిష్‌కు ఆరు వారాలు చాలంటారు. జపనీస్‌కు సుమారు తొమ్మిది. ఆ తొమ్మిది వారాల భాషతో విమానం దిగినవాడికి మొదటి నెలంతా అర్థమయ్యేది తన పేరొక్కటే!

అదీ పూర్తి పేరు కాదు. బ్యాడ్జిమీద ఇంటిపేరే ఉంటుంది. దాని ముందు అబ్బాయిలకు ‘ఎల్డర్’, అమ్మాయిలకు ‘సిస్టర్’. ఎల్డర్‌ను జపనీస్‌లో ‘చోరో’ అంటారు. అంటే పెద్దాయన. ఈమధ్యే అమ్మ చేతి అన్నం వదిలి వచ్చిన కుర్రాణ్ని డెబ్బై ఏళ్ల ముసలాయన వంగి నమస్కరించి ‘పెద్దాయనా’ అని పిలుస్తాడు.

ఇద్దరే... ఎప్పుడూ ఇద్దరే

ఉదయం ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం. ఆ తర్వాత తిండి, గ్రంథపఠనం, భాష చదువు. ఇంచుమించు పదింటికల్లా వీధిలో ఉండాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు గూటికి. పదిన్నరకు దీపం ఆర్పేయాలి. 2017లో ఈ పట్టీని కాస్త సడలించి, ఆయా దేశాల అలవాట్లను బట్టి సర్దుకోనిచ్చారు కానీ ఎనిమిది గంటల నిద్ర మాత్రం అలాగే ఉంది. సినిమాల్లేవు, టీవీ లేదు, ఇష్టమొచ్చిన పాటలు లేవు. ప్రేమ వ్యవహారాలైతే అసలే కుదరవు.

వీటన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి. ‘కంపానియన్’ అనే తోడు లేకుండా ఎక్కడికీ కదలకూడదు. స్నానాలగదిలో తప్ప కంటికి, చెవికి అందేంత దూరంలోనే ఉండాలి. పడుకునేది కూడా ఒకే గదిలో, వేర్వేరు పక్కలమీద. ఆ తోడును కూడా పైవాళ్లే నిర్ణయిస్తారు. ఐడహోలో బంగాళాదుంపల పొలాల మధ్య పెరిగినవాడికి టోక్యోలో కాలేజీ మధ్యలో ఆపి వచ్చిన జపాన్ కుర్రాడు జత పడొచ్చు. ఒకడికి గురక. ఇంకొకడికి సింకులో గిన్నెలు వదిలేసే అలవాటు. ఒకడికి రోజుకు యాభై తలుపులు తట్టాలన్న పట్టుదల. ఇంకొకడికి ఇంటిబెంగ. అలిగి బయటికి వెళ్లిపోదామన్నా రెండోవాణ్ని వెంటబెట్టుకునే వెళ్లాలి! మన దగ్గర పెళ్లయిన కొత్తలో కూడా ఇంత కట్టుబాటు ఉండదేమో. ఆరు వారాలకోసారి వచ్చే ట్రాన్స్‌ఫర్ల కోసం కొందరు క్యాలెండరు చూసుకుంటూ బతుకుతారు. తీరా తోడు మారే రోజున ఇద్దరి కళ్లూ చెమ్మగిల్లుతాయి. అది వేరే సంగతి.

వారానికో రోజు ఆటవిడుపు. ఎక్కువచోట్ల సోమవారం. బట్టలుతుక్కోవడం, సరుకులు తెచ్చుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి ఉత్తరాలు... అన్నీ ఆ రోజే. ఇంటికి ఫోన్ మాత్రం చాలాకాలం ఏడాదికి రెండేసార్లుండేది. క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. ఆ రెండు ఫోన్ల కోసం తల్లులు రోజులు లెక్కపెట్టేవారు. 2019 ఫిబ్రవరిలో ఆ నియమం మార్చి, వారానికోసారి వీడియో కాల్ చేసుకోవచ్చన్నారు. బెంగ తగ్గిందని కొందరు తల్లులు, ప్రతి సోమవారం కొడుకు మొహంలో నీరసం చూడలేకపోతున్నామని మరికొందరు.

టీ వద్దనడం ఎలా?

ఈ సంఘంలో సారా, పొగాకు, కాఫీలతోపాటు టీ కూడా నిషిద్ధం. 1833 నాటి కట్టుబాటు. అమెరికాలో దానివల్ల పెద్ద చిక్కు లేదు. జపాన్‌లో గుమ్మం దాటగానే ముందు పెట్టేది గ్రీన్‌టీ కప్పే. గ్రీన్‌టీ కూడా టీయేనని 2019లో సంఘం పత్రిక స్పష్టంగా రాసింది. ఎన్నో తలుపులు మూసుకున్నాక ఒక తలుపు తెరుచుకుంటుంది. ముసలావిడ లోపలికి రమ్మంటుంది. బూట్లు విప్పి, చాపమీద మోకాళ్లు మడిచి కూర్చుంటారు. ఆవిడ రెండు చేతులతో టీ తెచ్చి ముందు పెడుతుంది. తాగితే నియమం తప్పుతుంది. వద్దంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. మన పల్లెల్లో ‘కాసిన్ని మజ్జిగైనా పుచ్చుకోండి’ అన్నప్పుడు వద్దంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు. దానికో దారి దొరికింది... ‘ముగిచా’. బార్లీ గింజలు వేయించి కాచిన నీళ్లు. పేరులో ‘చా’ ఉన్నా అందులో తేయాకు ఉండదు. పాత మిషనరీలు కొత్తవాళ్లకు ముందుగా నేర్పే మాటల్లో అదొకటి.

ఇక తిండి. జిగురు తీగలు సాగే పులిసిన సోయా గింజలు, ‘నత్తో’, పెట్టి కుర్రాళ్లు ఏంచేస్తారోనని ఇంటిల్లిపాదీ నవ్వాపుకుంటూ చూడటం అక్కడ మామూలే. మొదటి ముద్ద మింగడానికి ప్రార్థన కావాలి. ఏడాది తిరిగేసరికి వాళ్లే అడిగి వేయించుకుంటారు.

అసలు జపాన్‌వాళ్లు ఎందుకు వద్దంటారు? వాళ్లకు దేవుడంటే విముఖత ఏమీ లేదు. కొత్త సంవత్సరానికి షింటో గుడికి, చావుకు బౌద్ధ ఆలయానికి వెళ్లే జనం. చాలా ఇళ్లలో పూర్వీకులకు చిన్న మందిరం ఉంటుంది. దాని ముందు అన్నం, నీళ్లు పెడతారు. మతం మారడమంటే ఒక మనిషి అభిప్రాయం మారడం కాదు, తాతముత్తాతల సమాధిని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న. దానికితోడు భయం. 1995 మార్చిలో ఓమ్ షిన్రిక్యో అనే ముఠా టోక్యో మెట్రోలో విషవాయువు వదిలింది. 2022 జులైలో మాజీ ప్రధాని షింజో అబేను చంపినవాడు, తన తల్లి యూనిఫికేషన్ చర్చికి ఆస్తంతా ధారపోసిందన్న కక్షతో ఆ పని చేశానన్నాడు. వాటితో మోర్మన్లకు సంబంధం లేదు. కానీ తలుపు వెనకున్నవాళ్లకు మతం పేరుతో బెల్లు కొట్టేవాళ్లందరూ ఒకటే. రోజంతా పనిచేసి ఇంటికొచ్చినవాళ్లను పిలవని చుట్టాల్లా కదిలించడం న్యాయమేనా అంటే, ఆ విసుగునూ తప్పుపట్టలేం.

అందుకే మిషనరీల రోజు చాలావరకు ఇతర పనుల్లో గడుస్తుంది. చర్చిలో వారం వారం ఉచితంగా ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతారు. మత ప్రసంగాలకు రానివాళ్లు దీనికి వస్తారు. హొక్కైడో దీవిలోని సప్పోరోలో ఏటా సగటున దాదాపు ఐదు మీటర్ల మంచు పడుతుంది. అక్కడ చలికాలంలో సైకిళ్లు మూలపడతాయి, పారలు చేతికొస్తాయి. ఒంటరి ముసలివాళ్ల గుమ్మాల ముందు మంచు ఎత్తిపోసే కుర్రాళ్లను మతం సంగతి పక్కనపెట్టి కూడా ఇష్టపడేవాళ్లున్నారు.

తెరిచినవాడే మూశాడు

ఈ మొండి వ్యవహారం ఈనాటిది కాదు. 1901 ఆగస్టు 12న హీబర్ జె.గ్రాంట్ అనే నాయకుడు మరో ముగ్గురితో యొకొహామా రేవులో దిగాడు. రెండేళ్లు ఉండి వెళ్లేసరికి ఆయన బాప్తిస్మమిచ్చింది ఇద్దరికి. ఆయనతో వచ్చిన ఆల్మా ఓ.టేలర్ వయసు అప్పటికి 19. అతను ఎనిమిదిన్నరేళ్లు ఉండిపోయాడు. భాష పట్టుకుని, ఏళ్లతరబడి కూర్చుని ‘బుక్ ఆఫ్ మోర్మన్’ను జపనీస్‌లోకి మార్చాడు. 1909లో అది అచ్చయింది. ఇంటికి తిరిగి వెళ్లేనాటికి అతనికి 27 ఏళ్లు. అయినా జనం రాలేదు. 1924 నాటికి 88 మంది మిషనరీలు పనిచేస్తే చేరినవాళ్లు 166 మంది. చివరికి మిషన్ మూసేశారు. అప్పటికి సంఘాధ్యక్షుడెవరో తెలుసా? మొదట తలుపు తెరిచిన గ్రాంటే! మళ్లీ మొదలైంది 1948లో. ఇప్పుడు జపాన్‌లో సంఘం లెక్కల్లో సుమారు లక్షా 30 వేలమంది. టోక్యో, ఫుకువోకా, సప్పోరో, ఒకినావాల్లో దేవాలయాలున్నాయి.

మనవైపు కథ ఇంకోలా నడిచింది. 1978లో సమోవా దీవుల్లో ఉంటున్న ఓ దంపతులు ఈ సంఘంలో చేరి, మిషన్‌మీద సొంతూరు హైదరాబాద్‌కు వచ్చారు. వాళ్ల చుట్టాల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దేశంలో మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని సమాజాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అలా నల్లబ్యాడ్జి పెట్టుకున్న తెలుగు పిల్లలూ ఉన్నారు.

మధ్యలో తిరిగొస్తే...

అందరూ రెండేళ్లూ పూర్తిచేయలేరు. కొందరికి ఆరోగ్యం సహకరించదు. కొందరిని దిగులు కమ్మేస్తుంది. పొద్దున్నే లేవాలంటేనే ఏడుపొస్తుంది. అలాంటివాణ్ని ఇంటికి పంపేస్తారు. విమానాశ్రయంలో బెలూన్లు, బ్యానర్లు ఉండవు. ఆదివారం చర్చిలో ‘అప్పుడే వచ్చేశావేం’ అని అడిగేవాళ్లుంటారు. అడగకుండా చూసేవాళ్ల చూపు ఇంకా బరువు. విదేశీ చదువుకు వెళ్లిన కొడుకు సగంలో తిరిగొస్తే మన వీధిలో ఎలా ఉంటుందో అక్కడా అంతే. ఇంట్లోనే ఉండి ఆహార బ్యాంకుల్లాంటి చోట్ల పనిచేసే సేవా మిషన్లు ఇప్పుడు ఉన్నాయి. ఆ దారి కొంతమందికి ఊపిరి పోసింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మాత్రం ఎవరి తప్పూ లేకుండానే వేలమందిని మార్చి నెలలో హఠాత్తుగా స్వదేశాలకు పంపేశారు. తెలిసినవాళ్లకు వీడ్కోలు చెప్పే సమయం కూడా చాలామందికి దొరకలేదు.

రెండేళ్లూ గడిచినవాడు స్వదేశంలో దిగగానే స్టేక్ అధ్యక్షుణ్ని కలవాలి. ఆయన విడుదల చేశామని చెప్పాకే బ్యాడ్జి తీస్తాడు. కొన్నాళ్లపాటు ఒంటరిగా వీధిలోకి వెళ్తుంటే ఏదో మర్చిపోయినట్టు వెనక్కి చూసుకోవడం చాలామందికి అనుభవం. తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి. ఎవరికైనా బాప్తిస్మమిచ్చినా ఇవ్వకపోయినా, వచ్చిన భాష మాత్రం పోదు. కెంట్ గిల్బర్ట్ అనే ఆయన 1971లో 19 ఏళ్లప్పుడు మిషనరీగా జపాన్‌కు వచ్చాడు. తిరిగెళ్లి లా చదివాడు. లాయరుగా మళ్లీ టోక్యోలో దిగి, 1980ల్లో అనర్గళమైన జపనీస్‌తో ఆ దేశపు టీవీలో ఇంటింటికీ తెలిసిన మొహమైపోయాడు.