ఆరవ ప్రయత్నం

వాల్మీకి రామాయణంలో కిష్కింధాకాండ చివరి ఘట్టాన్ని బోధించినప్పుడల్లా నా కళ్ళ ముందు ఒక క్రీడారంగం మెదులుతుంది. సీతాన్వేషణకై దక్షిణ దిశకు వెళ్ళిన వానరవీరులు సముద్రతీరంలో సమావేశమై, ఎవరు ఎంత దూరం లంఘించగలరో ఒక్కొక్కరే చెప్పుకొంటారు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. అంకె అలా పెరుగుతూ పోయింది. వృద్ధుడైన జాంబవంతుడు తొంభై అన్నాడు. అంగదుడు నూరు యోజనాలు దాటగలనన్నాడు గాని, తిరిగి రాగలనో లేదో అని సందేహించాడు. హనుమంతుడు మాత్రం ఒక ప్రక్క మౌనంగా కూర్చొని ఉన్నాడు.

ఒక పర్యాయం ఈ కథ చెప్పి ముగించగానే వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి లేచి, "అది రామాయణం కదండీ. నిజంగా మనిషి ఎంత దూరం దూకగలడు సార్?" అని అడిగాడు.

"ఎనిమిది మీటర్ల తొంభై ఐదు సెంటీమీటర్లు" అన్నాను.

ఆ అంకె వారికి అంతగా ఆనినట్లు లేదు. వ్యాయామ విభాగం నుండి టేపు తెప్పించి, వరండాలోకి నడిపించాను. సుద్దముక్కతో ఒక గీత గీసి, అక్కడి నుండి 8.95 మీటర్లు కొలిచి మరొక గీత గీయించాను. తరగతిలో అందరికంటె పొడుగైన కుర్రవాడు ఎనిమిది పెద్ద అంగలు వేసి కూడ ఆ గీతను చేరలేకపోయాడు. అప్పుడు అందరూ నిశ్శబ్దమయ్యారు. ఆ గీతకు కొంచెం ఇవతల, 8.91 దగ్గర, నేను ఇంకొక గీత గీశాను. రెండింటి నడుమ ఎడం రెండు వేళ్ళ వెడల్పు.

"ఈ రెండవ గీత ఎవరిది సార్?"

"ఓడిపోయినవాడిది" అన్నాను. నేను ఆనాడు వారికి చెప్పదలచుకొన్న కథ ఆ రెండవ గీతదే.

అంతకు ముందు నా కథ కొంత చెప్పాలి. ఉన్నత పాఠశాలలో చదివే రోజుల్లో నేను లాంగ్‌జంప్ దూకేవాణ్ణి. మా ఊరి ఏటి నుండి బండ్ల మీద తెచ్చిన ఇసుకతో గుంట నింపి, సున్నంతో గీత గీసి, డ్రిల్లు మాస్టారు మాకు శిక్షణ ఇచ్చేవారు. తాలూకా స్థాయి పోటీలకు మా పాఠశాల తరఫున నన్ను పంపారు. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటి రెండు దూకుల్లో నేను శక్తికొలది దూకాను. కాని రెండవ విడతలో మరొక ఊరి కుర్రవాడు నాకంటె జానెడు దూరం ఎక్కువ దూకాడు. ఇక గెలవలేనని నాకు తెలిసిపోయింది. మూడవసారి నా పేరు పిలిచినప్పుడు నేను వేపచెట్టు క్రింద కూర్చొని, కాలు బెణికిందని చెప్పాను. కాలు బెణకలేదు. మాస్టారు నన్ను ఏమీ అనలేదు. చేతిలోని కాగితం మీద నా పేరుకెదురుగా, మూడవ గడిలో ఒక చిన్న అడ్డగీత గీశారు. గీత దాటి దూకినవారికి ఇంటూ గుర్తు, అవకాశం వదులుకొన్నవారికి అడ్డగీత. అది ఈ ఆటలోని ఆచారం. ఆ అడ్డగీత ఎంతటిదో ఆనాడు నాకు తెలియలేదు.

లాంగ్‌జంప్ చూడడానికి మిక్కిలి సులభమైన ఆట. పరుగెత్తుకొని వచ్చి, పలక మీద ఒక్క కాలు మోపి, గాలిలోకి లేచి, ఇసుకలో పడడమే. కాని దాని నియమాలు కఠినమైనవి. పలక వెడల్పు 20 సెంటీమీటర్లు. ఇసుక వైపునున్న పలక అంచే కొలతకు మొదలు. కాలు ఆ అంచును దాటితే దూకు చెల్లదు. అంచుకు జానెడు వెనుక నుండి లేస్తే ఆ జానెడూ లెక్కలోకి రాదు. ఇసుకలో పడినప్పుడు చేయి వెనుకకు ఆనితే, ఆ చేతి ముద్ర నుండే కొలుస్తారు. వెనుక నుండి వీచే గాలి వేగం సెకనుకు రెండు మీటర్లకు మించితే, ఆ దూకు పోటీలో చెల్లుతుంది గాని రికార్డుగా చెల్లదు. ప్రపంచస్థాయి తుదిపోటీలలో మొదట ఒక్కొక్కరికి మూడు అవకాశాలిచ్చి, ముందంజలో ఉన్న ఎనిమిది మందికి మరి మూడు ఇవ్వడం చాలాకాలం పాటు సాగిన పద్ధతి. ఆరింటిలో శ్రేష్ఠమైన దూకు ఏదో అదే అతని లెక్క. తక్కిన ఐదూ, సమాన స్థాయి ఏర్పడితే తప్ప, ఎవరికీ అక్కరలేదు.

ఈ ఆటలో ఒక అంకె చాలాకాలం మేరుపర్వతంలా నిలిచింది. 1935లో అమెరికా క్రీడాకారుడు జెస్సీ ఓవెన్స్ 8.13 మీటర్లు దూకాడు. 1967 నాటికి ప్రపంచ రికార్డు 8.35కు చేరింది. అంటే 32 సంవత్సరాలలో మానవజాతి మొత్తం కలిసి పెంచుకొన్న దూరం 22 సెంటీమీటర్లు. 1968 అక్టోబరు 18న మెక్సికో నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో బాబ్ బీమన్ అనే యువకుడు ఒక్క దూకుతో దానికి 55 సెంటీమీటర్లు చేర్చాడు. దూరాన్ని కొలవడానికి అమర్చిన యంత్రం అంత దూరం చూడలేక, చివరకు ఇనుప టేపుతో కొలవవలసి వచ్చింది. 8.90 మీటర్లు! తాను సాధించినదేమిటో తెలిసిన క్షణంలో బీమన్ కాళ్ళు పట్టుతప్పి నేల మీదికి ఒరిగిపోయాడు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఆ నగరంలో గాలి పలుచన. ఆ పలుచని గాలి కూడ కొంత తోడ్పడిందని నిపుణులన్నారు. ఏమైనా, ఆ తరువాత బీమన్ కూడ మరల ఆ అంకె దరిదాపులకు రాలేకపోయాడు.

ఆ శిఖరాన్ని అధిరోహించగలవాడు ఉంటే కార్ల్ లూయిస్ ఒక్కడేనని లోకం నమ్మింది. 1984, 1988 ఒలింపిక్స్‌లలో లాంగ్‌జంప్ స్వర్ణపతకం అతనిదే. 1981 నుండి లాంగ్‌జంప్‌లో అతనికి ఓటమి లేదు. వరుసగా 65 పోటీలు గెలిచాడు. అతని నీడలో పెరిగినవాడు సాటి అమెరికన్ మైక్ పావెల్. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో రజతం పొందాడు. 1991 టోక్యో పోటీకి ముందు లూయిస్‌తో తలపడిన 15 పర్యాయాలూ ఓడిపోయాడు. 1991 వేసవిలో, తమ దేశపు పోటీలో అయితే, ఒక్క సెంటీమీటరు తేడాతో స్వర్ణం చేజారింది.

1991 ఆగస్టు 30వ తేదీ సాయంకాలం టోక్యో నగరంలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో వీరిద్దరూ మరల ఎదురుపడ్డారు. ఐదు రోజుల క్రితమే లూయిస్ అదే మైదానంలో 100 మీటర్ల పరుగును 9.86 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించి ఉన్నాడు. ఆ సాయంత్రం గాలి నిలకడగా లేదు. ఒకసారి ముందుకు త్రోసేది, మరొకసారి ఎదురు వచ్చేది.

పావెల్ మొదటి దూకు 7.85 మాత్రమే. లూయిస్ మొదటిదే 8.68. తరువాత పావెల్ 8.54 దూకాడు. మూడవ విడతలో లూయిస్ 8.83 దూకాడు. నాలుగవ విడతలో పావెల్ దూకు చెల్లలేదు. అదే విడతలో లూయిస్ దూకినది 8.91. అప్పటికి ఏ మానవుడూ అంత దూరం దూకి ఉండలేదు. కాని ఆ క్షణంలో వీచిన గాలి వేగం 2.9 మీటర్లు. అందువల్ల అది రికార్డు కాలేదు. అయినా పోటీలో లూయిస్‌దే అగ్రస్థానం. బీమన్‌ను సైతం దాటిన ఆ దూరాన్ని మించగలవారెవ్వరని అందరూ అనుకొన్నారు.

పావెల్ ఐదవసారి పరుగందుకొన్నాడు. ఇసుకలో పడి లేచి, తాను వదలిన ముద్రను చూచుకొన్నాడు. తెల్లజెండా లేచింది. ఫలకం మీద 8.95 వెలిగింది. గాలి వేగం 0.3 మాత్రమే. 22 సంవత్సరాల పది నెలలుగా చెక్కుచెదరని బీమన్ రికార్డు ఆ విధంగా సముద్రతీర నగరంలో, మామూలు గాలిలో, 15 సార్లు ఓడినవాని పాదాల క్రింద తరిగిపోయింది.

ఈ విషయాన్ని నేను ఆనాడు వసతిగృహం పఠనమందిరంలో వార్తాపత్రికలో చదివాను. పత్రికలో పావెల్ బొమ్మ ఉంది. ఓడిపోయినవానిని గురించి ఉన్నది ఒక్క వాక్యమే. చాలా ఏండ్ల తరువాత ఆ పోటీ పూర్తి వివరాలు చూచినప్పుడు మాత్రం నా చూపు పావెల్ పేరు దగ్గర ఆగలేదు. క్రింది వరుసలో, లూయిస్ పేరుకెదురుగా ఉన్న చివరి రెండు గడుల దగ్గర ఆగిపోయింది.

పదేళ్ళుగా ఓటమి ఎరుగనివాడు తనను మించినవాణ్ణి కళ్ళారా చూచాడు. తాను దూకిన జీవితకాలపు దూరం ఒక్క నిమిషంలో రెండవ స్థానానికి జారిపోవడం చూచాడు. అతని చేతిలో ఇంకా రెండు అవకాశాలున్నాయి. ఐదవసారి దూకాడు. గాలి కొద్దిగా ఎదురుగా ఉంది. 8.87. ఆరవసారి దూకాడు. 8.84. రెండూ నియమబద్ధమైన గాలిలో దూకినవే. అప్పటి వరకు నియమబద్ధమైన గాలిలో లూయిస్ దూకిన అత్యధిక దూరం 8.79. అంటే, అతని జీవితంలో రికార్డుకు చెల్లే శ్రేష్ఠమైన రెండు దూకులూ తాను వెనుకబడిన తరువాత దూకినవే! ఆ తరువాత కూడ అతడు 8.87ను మించలేదు. ఆ రెండూ అతనికి పోటీని గెలిపించలేదు. ఫలితాల పట్టికలో అతనికి మిగిలినది 8.91, రజతపతకం.

ఈ రెండు అంకెలను చూచినప్పుడు వేపచెట్టు క్రింద కూర్చొన్న నన్ను నేను చూచుకొన్నాను. ఎదుటివాడు జానెడు దూరం మించిపోయాడని నేను మూడవ దూకును వదలుకొన్నాను. నా శక్తి రెండవ దూకుతో ముగిసిపోయిందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే నిర్ణయించుకొన్నాను. ఒకవేళ దూకి ఉంటే గెలిచేవాణ్ణని చెప్పను. బహుశః ఓడిపోయేవాణ్ణే. అయితే నేను ఎంత దూరం దూకగలవాణ్ణో నాకు తెలిసి ఉండేది. ఆ అడ్డగీత కాజేసింది నా బహుమతిని కాదు, నన్ను గురించి నాకు తెలియవలసిన ఒక సత్యాన్ని.

పోటీ అనేది మనకు రెండు ప్రశ్నలు వేస్తుంది. ఎవరు గెలిచారన్నది మొదటి ప్రశ్న. దానికి టేపు సమాధానం చెబుతుంది. నీలో ఎంత ఉందన్నది రెండవది. దానికి సమాధానం చెప్పవలసినవాడు ఆడేవాడే. పావెల్ ఆ సాయంత్రం రెండు ప్రశ్నలకూ ఒకే దూకులో సమాధానం చెప్పాడు. అతని 8.95 రికార్డు మూడు దశాబ్దాలు గడచినా చెరగలేదు. అయితే 15 ఓటముల తరువాత 16వసారి వచ్చి నిలబడినవాడు గనుకనే అతనికి ఆ దూకు దక్కిందన్న సంగతి మరువరాదు. లూయిస్ మొదటి ప్రశ్నలో ఓడిపోయి, రెండవ ప్రశ్నకు తన జీవితంలోకెల్లా గొప్ప సమాధానం చెప్పాడు. మరుసటి సంవత్సరం బార్సిలోనా ఒలింపిక్స్‌లో లూయిస్ 8.67, పావెల్ 8.64. మూడు సెంటీమీటర్ల తేడాతో స్వర్ణం లూయిస్‌ను వరించింది. 1996లో అట్లాంటాలో అతడు లాంగ్‌జంప్‌లో నాలుగవ ఒలింపిక్ స్వర్ణాన్ని కూడ అందుకొన్నాడు. లాంగ్‌జంప్ ప్రపంచ రికార్డు మాత్రం ఎన్నడూ అతని పేరున లేదు. ఒలింపిక్ స్వర్ణం ఎన్నడూ పావెల్ మెడలో పడలేదు. ఒకరికి దక్కినది మరొకరికి దక్కలేదు. ఇద్దరిలో ఎవరి వరుసలోనూ ఆ సాయంత్రం అడ్డగీత మాత్రం లేదు.

ఇంత చెప్పిన తరువాత నేను మరల కిష్కింధాకాండ దగ్గరకు వచ్చాను. సముద్రతీరంలో వానరులందరూ తమ తమ అంకెలు చెప్పుకొన్నారు. అంకె చెప్పనివాడు హనుమంతుడొక్కడే. తన బలమెంతో అతనికి తెలియదు. జాంబవంతుడు వెళ్ళి గుర్తు చేయవలసి వచ్చింది. మనలో చాలామందికి అటువంటి జాంబవంతుడు ఎదురుపడడు. అప్పుడు ఆ పని మన తరువాతి ప్రయత్నమే చేయాలి.

గంట మ్రోగింది. పిల్లలు పుస్తకాలు సర్దుకొన్నారు. ప్రశ్న అడిగిన విద్యార్థి మాత్రం వరండాలో ఆగి, "ఆ అడ్డగీత కాగితం ఇప్పుడు ఉందా సార్?" అన్నాడు.

లేదన్నాను. అది ఏనాడో చిరిగిపోయి ఉంటుంది. అయినా మూడవ గడిలోని ఆ గీత నాకు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. వరండాలోని సుద్దగీతలను ఆ సాయంత్రం ఎవరో తుడిచివేశారు. మరునాడు ఉదయం నేను వచ్చేసరికి, వాటి స్థానంలో కొత్త గీతలు కనిపించాయి. 8.95 కాదు, 8.91 కాదు. మూడు మీటర్లకు కొంచెం అటూ ఇటూగా, ఒకదాని తరువాత ఒకటి, మొత్తం ఆరు.