వెలుతురు తగ్గించాక

నేను ఈసీఈ. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న రోజే బయాలజీకి దండం పెట్టేశాను. అలాంటిది వేసవి ఇంటర్న్‌షిప్ నన్ను తీసుకెళ్ళి ఒక బయోఫిజిక్స్ ల్యాబ్‌లో, చీకటి గదిలో, మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది.

అక్కడ చూసేది కొవ్వు కణాలని. ఇన్సులిన్ వచ్చి కణం తలుపు తడితే ఆ కబురు అంచెలంచెలుగా లోపలికి వెళ్తుంది. అప్పుడు లోపల దాగి ఉన్న గ్లూట్-4 అనే ప్రోటీన్లు పైపొరకు వచ్చి గ్లూకోజ్‌ను లోపలికి రానిస్తాయి. టైప్-2 షుగర్‌లో ఇన్సులిన్ ఉన్నా కణం సరిగా స్పందించదు. మా నానమ్మకున్నది అదే.

గ్లూట్-4 కంటికి కనబడాలంటే దానికి జీఎఫ్‌పీ తగిలిస్తారు. జెల్లీఫిష్‌లో దొరికిన, ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ అది. 2008లో కెమిస్ట్రీ నోబెల్ దాని మీద పనికే వచ్చింది. కానీ కణమంతా వెలిగితే గజిబిజి. అందుకే టర్ఫ్ మైక్రోస్కోప్. మనం ఆప్టికల్ ఫైబర్లలో చదివిన టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షనే! లేజర్ గాజు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. గాజును ఆనుకున్న సుమారు 100 నానోమీటర్ల పొర మాత్రమే వెలుగుతుంది. పైపొరకు చేరిన చుక్కలే కనిపిస్తాయి.

మొదటిరోజు చుక్కలు మసగ్గా ఉన్నాయని లేజర్ పవర్ పెంచేశాను. ఆహా, తెరనిండా నక్షత్రాలు! కాసేపటికే అంతా నల్లబడింది. ఫోటోబ్లీచింగ్. వెలుతురు ఎక్కువైతే మెరిసే ప్రోటీనే పాడైపోతుంది. అప్పటికే ఇన్సులిన్ వేసేశాం. రోజుల తరబడి పెంచిన కణాలు వృథా. పీహెచ్‌డీ చేస్తున్న అక్క తిట్టలేదు. "అంత వెలుతురు కొడితే ఏది తట్టుకుంటుంది? తగ్గించు, ఓపిక పట్టు" అంది.

ఆ రాత్రి నానమ్మకు ఫోన్ చేశాను. ఎప్పుడూ నా మొదటి మాట, "షుగర్ ఎంతుంది? మళ్ళీ స్వీట్ తిన్నావా?" తన జవాబూ ఒకటే, "బానే ఉంది నాన్నా." ఆ రోజు అది అడగలేదు. ఊళ్ళో సంగతులు అడిగాను. పది నిమిషాలయ్యాక తనే చెప్పింది, "రెండు నెలల్నుంచి పాదాలు తిమ్మిరెక్కుతున్నాయిరా. చెబితే కోప్పడతావని..."

తెల్లారే నాన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు.

పవర్ తగ్గించి మళ్ళీ చేశాం. ఇన్సులిన్ వేశాక ఒక్కో చుక్కా మెల్లగా పైకొచ్చింది. సెలవులకి ఇంటికెళ్ళి ఆ వీడియో నానమ్మకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇవేనా నా ఒంట్లో రామని మొండికేస్తున్నవి?"