అసమాన యంత్రాలకు పనుల పంపకం

వరినాట్ల వేళ కూలీలందరికీ ఒకే పని అప్పగించే రైతు ఉండడు. నారు తీసేవారు వేరు, మోసేవారు వేరు, నాటేవారు వేరు. నారు తీయనిదే నాటడం లేదు. మోసే మనిషి ఆలస్యం చేస్తే నాటేవారు గట్టున కూర్చోవలసిందే. కంప్యూటరు శాస్త్రంలో షెడ్యూలింగు అనే సమస్య స్వరూపం కూడ ఇదే. శక్తిలోను, స్వభావంలోను ఒకదానినొకటి పోలని యంత్రాలు ఉన్నపుడు ఏ పనిని దేనికి, ఏ వరుసలో అప్పగించాలి?

ఈ ప్రశ్న మాకు పాఠ్యగ్రంథం నుండి మాత్రమే ఎదురు కాలేదు. ఈ సంవత్సరం మేము ముగ్గురం ప్రాజెక్టుగా మన గ్రంథాలయంలోని పాత వార్షిక సంచికలను కంప్యూటరులోకి ఎక్కించే పనిని స్వీకరించాము. ఆ పుటలు పెళుసెక్కి, తాకితే విరుగుతున్నవి. మన అన్నలు, అక్కలు వ్రాసిన తెలుగు కథలు, ఉర్దూ గజళ్లు వాటిలో ఉన్నవి. పలు సంచికలకు మన వద్ద రెండవ ప్రతి లేదు.

ప్రతి పుటకు నాలుగు పనులు: బొమ్మ తీయడం, మరకలు తొలగించడం, పంక్తులను విడదీయడం, అక్షరాలను గుర్తించడం. తెలుగులో గుణింతపు గుర్తులు, వత్తులు అక్షరానికి పైన, క్రింద చేరుతాయి. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలోనైతే అక్షరాలు కలిసిపోయి ఏటవాలుగా జారుతాయి. వాటిని విడదీయడం మరింత కష్టం. ఇందుకు మాకు లభించినవి ఆరు పాత కంప్యూటర్లు, గ్రాఫిక్స్ కార్డు గల కొత్తది ఒకటి. వ్యవధి సాయంత్రం రెండు గంటలు మాత్రమే.

సాధారణ ప్రాసెసరు అడుగడుగునా నిర్ణయం తీసుకోవలసిన పనులకు తగినది. గ్రాఫిక్స్ ప్రాసెసరు ఒకే రకమైన లెక్కను వేలాది సంఖ్యలపై ఏకకాలంలో చేయగలదు. అక్షరాల గుర్తింపులో అటువంటి లెక్కలే అధికం. ఈ భేదాన్ని విస్మరిస్తే కుక్క పని గాడిద చేసినట్లవుతుంది. అయితే అసమానత ఎల్లవేళలా లోపం కాదు. 2011లో ఆర్మ్ సంస్థ ప్రకటించిన బిగ్‌.లిటిల్ పద్ధతిలో బలమైన కోర్లను, విద్యుత్తును పొదుపుచేసే చిన్న కోర్లను ఒకే చిప్పుపై ఉద్దేశపూర్వకంగానే అమర్చారు.

అయితే ప్రతి పనిని అది త్వరగా సాగే యంత్రానికే ఇస్తే సరిపోదా? ఒక చిన్న లెక్క చూతము. మూడు పనులున్నవి. ఒక్కొక్కటి కొత్త యంత్రంపై 4 నిమిషాలు, పాత దానిపై 6 నిమిషాలు పడుతుంది. మూడూ కొత్త దానికే ఇస్తే 12 నిమిషాలు. ఒకటి పాత దానికిస్తే 8 నిమిషాలలో అంతా ముగుస్తుంది. కాని ఆ పనికి కావలసిన సమాచారాన్ని పాత యంత్రానికి పంపడానికే 7 నిమిషాలు పడితే, మొత్తం 13 నిమిషాలై పంపకమే నష్టం తెస్తుంది. నారు మోసే మనిషిని లెక్కలో చేర్చక తప్పదు.

యంత్రాలను పెంచితే చాలునన్న నమ్మకం కూడ నిలువదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన గణితవేత్త రోనాల్డ్ గ్రాహం 1969లో ప్రకటించిన వ్యాసంలో ఒక ఉదాహరణ ఉన్నది. తొమ్మిది పనులు మూడు సమాన యంత్రాలపై 12 కాలప్రమాణాలలో పూర్తి అయ్యాయి. నాల్గవ యంత్రాన్ని చేర్చగా, అదే జాబితాకు 15 పట్టినది! కారణం ఇది: నాలుగు యంత్రాలుండుటచే చిన్న పనులు ముందుగా సిద్ధమై అన్నింటినీ ఆక్రమించుకొన్నవి. తొమ్మిది ప్రమాణాలు పట్టే పెద్ద పని 3వ ప్రమాణం ముగియగానే మొదలుకావలసినది, 6 ముగిసే వరకు వేచియున్నది.

అన్ని అమరికలను పరీక్షించి ఉత్తమమైన దానిని ఎంచుదామన్నా సాధ్యం కాదు. పది పనులను రెండు యంత్రాలకు 1,024 విధాలుగా పంచవచ్చు. ముప్పై పనులైతే ఆ సంఖ్య వంద కోట్లు దాటుతుంది. అందువల్ల శాస్త్రజ్ఞులు ఉపాయాలను ఆశ్రయించారు. 2002లో టోప్‌చువోగ్లూ, హరీరీ, వూ అనే ముగ్గురు ప్రచురించిన హెఫ్ట్ పద్ధతి వాటిలో ప్రసిద్ధమైనది. ఒక పని మొదలుకొని చివరి పని వరకు మిగిలియున్న మార్గాలలో అతి దీర్ఘమైన దానిని, యంత్రాల సగటు కాలంతోను, సమాచారం పంపే కాలంతోను కలిపి లెక్కిస్తారు. ఎవరి వెనుక ఎక్కువ పని మిగిలియున్నదో వారికి ముందు వరుస. పిమ్మట ఆ పనిని, వేచియుండే కాలాన్ని కూడ లెక్కించి, అందరికన్న ముందుగా ముగించగల యంత్రానికి అప్పగిస్తారు.

ఈ సూత్రం ప్రకారం ఉర్దూ పుటలు ముందు వరుసలోకి వచ్చినవి. "తెలుగు పుటలు ఎందుకు ఆగాలి?" అని కొందరు మిత్రులు మమ్ములను సూటిగా అడిగారు. రెండు భాషల కళాశాలలో అది త్రోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు. మేము కాగితంపై రెండు వరుసలనూ గీసి చూపినాము. ఉర్దూ పుటలను చివర ఉంచితే, కొత్త యంత్రం మొదట కొంతసేపు ఖాళీగా నిలిచి, చివర ఒంటరిగా శ్రమిస్తుంది. గది మూసే వేళకు పని మిగిలిపోతుంది. ముందుంచితే, కొత్త యంత్రం వాటితో నిమగ్నమై యుండగా పాత యంత్రాలు తెలుగు పుటలను శుభ్రపరచి సిద్ధం చేస్తాయి. రెండు భాషల పుటలూ ఆ సాయంత్రమే పూర్తి అవుతాయి. ముందు వరుస గౌరవ చిహ్నం కాదని, మిగిలిన పని కొలత మాత్రమేనని అడిగిన మిత్రులే అంగీకరించి, మరునాటి నుండి పుటలు అందించడానికి వచ్చారు.

కళాశాల సంఘం పెద్దలకు మా మనవి ఒకటి. కొత్త యంత్రాలు కొనే ఆలోచన చేసినపుడు పాత ఆరింటిని మూలన పడవేయవద్దు. వాటి మధ్య సమాచారం త్వరగా సాగే ఏర్పాటు కూడ చేయించండి. ఏ పనికి ఏది తగునో గీసి చూపే బాధ్యత విద్యార్థులది. పాత సంచికలు ఇంకను అరనిండా మిగిలియున్నవి. వచ్చే సంవత్సరపు మిత్రులు మా కాగితాలను అడిగి తీసుకొనవలెనని కోరుతున్నాము.