సముద్రానికి ఇద్దరం

భూపాలపల్లి వాసులకు బొగ్గు గనులు తెలుసు, అడవి తెలుసు, కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకొని పారే గోదావరి తెలుసు. సముద్రం మాత్రం మాకు దూరం. ముప్పై యేళ్ళ సంసారంలో మేమిద్దరమే కలిసి చేసిన ప్రయాణాలు ఆసుపత్రులకే. మా ఇల్లాలు ఇంతవరకు సముద్రాన్ని చూడలేదు. ఆమె మోకాళ్ళు ఇసుకలో నడవగలిగే రోజులు ఇంకా కొన్ని ఉండగానే కేరళ తీరానికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము.

ఈ మాట తెలిసినవారిలో కొందరు, "ఈ వయసులోనా?" అని నవ్వారు. కొందరు, "ముందు హజ్ కదా?" అని అడిగారు. మొదటి మాటకు హదీసులోనే సమాధానమున్నది. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు, ఆమె గెలిచారు. కొంతకాలానికి మళ్ళీ పందెం జరిగింది. ఈసారి ఆయన గెలిచి, మొదటి ఓటమికి ఇది బదులని చమత్కరించారు. అబూదావూద్ సంకలనంలో ఉన్న ఈ వృత్తాంతాన్ని మేము ఏటా విద్యార్థులకు బోధిస్తాము.

రెండవ ప్రశ్న బరువైనది. హజ్ విధి అయినవారు విహారం కోసం దానిని వాయిదా వేయరాదు. మేము దాచుకుంటున్న పైకం ఇంకా ఒక్కరికి సరిపడే మేరకు కూడా చేరలేదు. "ఆ డబ్బును మాత్రం ముట్టవద్దండీ" అన్నది మా ఇల్లాలు పెట్టిన మొదటి షరతు. తన కుట్టుపని సంపాదనను ఈ ఖర్చులో కలపమన్నది, మేము ఒప్పుకోలేదు. ఆమె సంపాదన ఆమెదే. సాయంత్రాలు ఉర్దూ పాఠాలు చెప్పగా వచ్చిన దానితోనే వెళ్ళాలని, అది నాలుగు రోజులకు సరిపోతే నాలుగు రోజులే ఉండాలని తీర్మానించుకున్నాము.

ఇక కాలం. జూన్ మొదట్లో నైరుతి రుతుపవనాలు కేరళను తాకుతాయి. మదర్సా సెలవులు చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ప్రస్తుతం ఈదుల్ ఫిత్ర్ మార్చిలో వస్తున్నది గనుక షవ్వాల్ తొలి రోజులు మాకు అనుకూలం. ఎండ ఉంటుంది గానీ వానల బెడద ఉండదు. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే త్రిశ్శూర్‌లో దిగవచ్చు. రిజర్వేషను అరవై రోజుల ముందు మొదలవుతుంది. కింది బెర్తు ఆమెకు దొరికితేనే ప్రయాణమని అనుకున్నాము.

త్రిశ్శూర్ నుండి కొడుంగల్లూర్ వెళతాము. ప్రాచీన ముజిరిస్ రేవు ఆ ప్రాంతంలోనిదే. అక్కడి చేరమాన్ మసీదు క్రీ.శ. 629 నాటిదని స్థానికులు చెబుతారు. అయితే 16వ శతాబ్దపు మలబారు పండితులు జైనుద్దీన్ మఖ్దూమ్ తన 'తుహ్ఫతుల్ ముజాహిదీన్'లో, మలబారుకు ఇస్లాం రాక హిజ్రీ రెండువందల తరువాత జరిగి ఉంటుందని అభిప్రాయపడ్డారు. తన నేల గొప్పకన్నా రుజువుకు విలువనిచ్చిన ఆ పండితుని మాట తలచుకుంటూ ఆ మసీదులో నిలబడాలని మా కోరిక.

అక్కడివారిలో అత్యధికులు షాఫయీలు, మేము హనఫీలము. వారి అసర్ వేళ మనకన్నా ముందే మొదలవుతుంది. ప్రయాణంలో మాకు జొహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులే. స్థానిక ఇమాము వెనుక నిలిస్తే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. భోజనం దగ్గరా ఇటువంటి తేడా ఉన్నది. వారు ఇష్టంగా తినే కల్లుమ్మక్కాయ, అనగా ఆలుచిప్ప, మన ఫిఖహ్ ప్రకారం తినదగినది కాదు. చేప చాలునని ఆమె ముందే తేల్చింది.

పిల్లలు తామూ వస్తామన్నారు. "మరోసారి" అన్నాము. ఆమె మెల్లగా నడుస్తుంది, మధ్యలో ఆగుతుంది, తోచినంతసేపు కూర్చుంటుంది. ఈ నాలుగు రోజులు ఎవరి ఆకలి కోసమూ ఆమె తొందరపడి లేవనవసరం లేదు.

మొన్న పటం పరిచి తీరాన్ని చూపించాము. ఆమె వేలు కొడుంగల్లూర్ నుండి అరేబియా సముద్రం మీదుగా పడమటికి సాగి, అవతలి ఒడ్డును దాటి మక్కా మీద ఆగింది. "దూరమేమీ కాదు" అన్నది. ఆ దూరాన్నీ కలిసి దాటే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.