కుంభకోణంలో ఒక ఫిల్టరు

కోయంబత్తూరులో తరతరాలుగా వుంటున్న మన తెలుగు కుటుంబాలలో కాఫీ ఫిల్టరు లేని యిల్లు వుంటుందని నేననుకోను. కాని ఆ ఫిల్టరును ఎట్లా ఎన్నుకోవాలో తెలిసిన మగవాళ్ళు ఎందరని అడిగితే మాత్రం, నాతో సహా చాలామంది తల వంచుకోవలసిందే. అరవై తొమ్మిదేళ్ళ వయస్సులో ఆ సంగతి తెలుసుకోవడానికి నేను కుంభకోణం దాకా వెళ్ళి రావలసివచ్చింది.

గత కార్తికంలో మా ఆవిడ కాలం చేసింది. నలభైమూడేళ్ళు తెల్లవారి ఐదున్నరకల్లా కాఫీ నా చేతికి వచ్చింది. అది ఎట్లా తయారవుతున్నదో ఒక్కనాడూ అడిగినవాణ్ణి కాను. కర్మలు ముగిసి, పిల్లలు ఎవరి వూళ్ళకు వాళ్ళు వెళ్ళిన మర్నాడు వంటింట్లోకి పోయి నిలబడ్డాను. ఫిల్టరు గూట్లో వున్నది. మా అమ్మ కాలం నాటి ఇత్తడిది, లోపల కళాయి పూత. ఎనిమిది టంబ్లర్ల కాఫీకి సరిపోయే డికాక్షను దిగుతుంది. పొడి అదే కొట్టుది, పాలు అదే మనిషి పోసినవి. కాని నేను దింపిన డికాక్షను మాత్రం కొత్త వర్షానికి కాలవలో వచ్చే నీళ్ళ వలె వున్నది. పొడి మార్చి చూశాను. అల్లుడు అరకు కాఫీ తెచ్చి యిచ్చాడు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన మన్యపు కాఫీ అది, పొట్లం విప్పగానే వంటిల్లంతా ఘుమఘుమలాడింది. నా చేతిలో పడి అదీ నీళ్ళే అయింది.

చిల్లులు పూడుకుపోయినవేమోనన్న అనుమానం కలిగింది. సెల్‌ఫోనులో ఎవరో చూపించిన ప్రకారం పై గిన్నెను పట్టకారుతో పట్టి గ్యాసు మంట మీద పెట్టాను. స్టీలు ఫిల్టరుకు అది చెయ్యదగిన పనే. చిల్లుల్లో యిరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. కళాయి పూసిన ఇత్తడికి చెయ్యరాని పని. కళాయి అంటే తగరం గదా, 232 డిగ్రీల వేడికే కరుగుతుంది. చూస్తూ వుండగానే లోపలి తెల్లని పూత బొట్లు బొట్లుగా చేరి, మధ్యన ఇత్తడి పచ్చగా బయటపడింది. మా అమ్మా, ఆ తరువాత మా ఆవిడా అన్నేళ్ళు కాపాడుకొచ్చిన వస్తువును నేను అయిదు నిమిషాలలో పాడుచేశాను. ఆ పూట కాఫీ మానేశాను.

పుణెలో వున్న మా అమ్మాయి ఫోనులో విని, “ఎందుకు నాన్నా యీ అవస్థ, నేను పంపిస్తానుండు” అన్నది. అన్నట్టే పది రోజుల్లో మూడు సాధనాలు పంపింది. ఒకటి గాజు కూజా, దానిలో కిందికి నొక్కే జల్లెడ. పొడీ వేడినీళ్ళూ కలిపి నాలుగు నిమిషాలుంచి నొక్కాలి. దానికి రవ్వవలె ముతకగా విసిరిన పొడి కావాలి. మన కొట్లలో ఫిల్టరుకని విసిరే మెత్తని పొడి వేస్తే జల్లెడ దాటి మడ్డి టంబ్లరులోకి వస్తుంది. రెండవది కాగితం వేసే గరాటు. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కల్పించిన పద్ధతి యిది. అడుగున చిల్లులు పొడిచిన గిన్నెలో ఆమె మొదట వేసినది కొడుకు రాతపుస్తకంలోని అద్దుడు కాగితమట. దానిలో దిగే కాఫీ తేటగా, పరిమళంగా వుంటుంది. పాలు లేకుండా తాగేవారికి చాలా మంచిది. పాలు పోశామా, కాఫీ ఎక్కడున్నదో వెతుక్కోవాలి. మూడవది ఇటలీ వారి మోకా చెంబు, 1933లో అల్ఫోన్సో బియాలెట్టి తెచ్చినది. అడుగు గిన్నెలోని నీరు మరిగి, ఆవిరి వత్తిడికి పొడిలోనుంచి పైకి ఎగబాకుతుంది. పాలకు తట్టుకొనే చిక్కదనం యిస్తుంది. నా మట్టుకు నాకు మూడింటిలో అదే నచ్చింది. కాని పొయ్యి దగ్గర నిలబడి కనిపెట్టుకొని వుండాలి, కాస్త ఏమరితే మాడు వాసన. నా వంటి వాడు పేపరు చేతబట్టుకొని మరచిపోయే సరుకు కాదది.

రోడ్ల వెంట “కుంభకోణం డిగ్రీ కాఫీ” అనే పలకలు మీరంతా చూసే వుంటారు. ఆ కాఫీ మూలస్థానానికే పోయి, ఈ ఫిల్టరుకు కళాయి వేయించటమో, కాదంటే కొత్త ఇత్తడిది కొనటమో చేద్దామని బయలుదేరాను. పాత ఫిల్టరును ఒక తువాలులో చుట్టి సంచిలో పెట్టుకొన్నాను.

కోయంబత్తూరు నుంచి మాయవరం పోయే జనశతాబ్ది ఎక్కితే మారే పని లేకుండా కుంభకోణంలో దిగవచ్చు. ఈరోడు, కరూరు దాటిన తరువాత కావేరి మనకు ఎడమవైపుగా తోడు వస్తుంది. కుళిత్తలై ప్రాంతంలో అరటితోటల సందుల్లోనుంచి కనిపిస్తూ, మాయమవుతూ వుంటుంది. తిరుచిరాపల్లి రాక్‌ఫోర్టు, తంజావూరు పెద్దకోవెల గోపురం దాటి, వరిపొలాల మధ్యగా ప్రయాణం. మధ్యాహ్నం భోజనవేళకు దిగాను.

వూరు కావేరికీ అరసలారుకూ మధ్యన వున్నది. కోవెలకొక వీధి, వీధికొక కోవెల. ఆ వీధుల్లోనే పాత్రల కొట్లు. దీపపు సెమ్మెలు చేసే నాచ్చియార్‌కోవిలు, పంచలోహ విగ్రహాలు పోసే స్వామిమలై ఈ చుట్టుపక్కలవే. లోహం పని తెలిసిన సీమ కనుక నాకు నమ్మకం కుదిరింది.

ఒక పాతకాలపు కొట్లోకి వెళ్ళాను. యజమాని నా యీడువాడే. తువాలు విప్పి ఫిల్టరు ఆయన ముందు పెట్టి, జరిగినదంతా, మంట సంగతి కూడా దాచకుండా, నాకు వచ్చిన తమిళంలో చెప్పాను. మంట మాట విని ఆయన నాలుక కరచుకున్నాడు. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టి అడుగులోనుంచి చూశాడు. “చిల్లులకు ఏమీ కాలేదయ్యా. కళాయి రేపటికి వేయించి యిస్తాను. కాని కళాయి వేసినా మీ కాఫీ యింతే” అన్నాడు.

ఎందుకని అడిగాను.

“యింట్లో ఎంతమంది?”

ఎనిమిదిమంది అని నోటిదాకా వచ్చింది. మా అమ్మ వున్నప్పటి లెక్క అది. ఆ తరువాత ఆరుగురమయ్యాం, పిల్లలు వెళ్ళాక యిద్దరం. “నేనొక్కణ్ణే” అన్నాను. ఆ మాట బయటి మనిషితో అనటం అదే మొదలు.

ఆయన మరేమీ అడగలేదు. తన కాఫీ డబ్బాలోనుంచి రెండు చెంచాల పొడి తీసి నా ఫిల్టరులో వేసి, సర్ది చూపించాడు. అడుగున పలచని పొర. గోరు మందం కూడా లేదు. ఒక చిన్న ఫిల్టరు తెచ్చి అదే పొడి దానిలోకి వంపాడు. అక్కడ రెండు సెంటీమీటర్ల మందాన నిలబడింది. ఆ పొడిలోనుంచి మెల్లిగా దిగితేనే గదా నీరు సారం పట్టుకొనేది. పలచని పొరలోనుంచి పరుగెత్తిపోతే ఏం పట్టుకొంటుంది! నాలుగు నెలలుగా నేను పొడినీ, పాలనూ, కొట్టువాణ్ణీ అనుమానించాను. పాత్ర పెద్దదన్న సంగతి తట్టలేదు.

యిద్దరమే అయిన తరువాత కూడా మా ఆవిడ దీనిలోనే ఎట్లా దింపేదని అడిగాను. “ఎక్కువ పొడి వేసి ఉంటారు. మీరు చూసి ఉండరు” అన్నాడు. నెలనెలా కాఫీపొడి ఖర్చు మీద నేను సణిగిన మాటలు జ్ఞాపకం వచ్చినవి.

కళాయికి మర్నాటిదాకా ఆగాలి కనుక ఆ సాయంత్రం వూరు చూశాను. మహామఖం కోనేరు ఆరెకరాల పైచిలుకు. చుట్టూ పదహారు మండపాలు. పన్నెండేళ్ళకొకసారి వచ్చే మహామఖం 2016లో జరిగింది, మళ్ళీ 2028లో. నేను వెళ్ళిన నాడు మెట్ల మీద యిద్దరు ముసలివాళ్ళు, నాలుగు పావురాలు, అంతే. ఆ మండపాలు కట్టించిన గోవింద దీక్షితులే, తంజావూరు రఘునాథ నాయకుని మంత్రిగా, రామస్వామి కోవెలనూ కట్టించాడంటారు. ఆ రఘునాథునికే చేమకూర వేంకటకవి విజయవిలాసం అంకితమిచ్చాడు. కనుక మన తెలుగువాడు అక్కడ పరాయి చోట వున్నాననుకోనక్కరలేదు. గర్భాలయంలో పట్టాభిషేక రాముడు. సీతమ్మ పక్కనే ఒకే పీఠం మీద కూర్చున్నది, తమ్ముళ్ళు చుట్టూ వున్నారు, ఆంజనేయుడు వీణ పట్టుకొని వున్నాడు. యిల్లంతా నిండుగా వున్నది. కాసేపు నిలబడి వచ్చేశాను.

రాత్రి ఒక చిన్న హోటల్లో డిగ్రీ కాఫీ తాగాను. డిగ్రీ అంటే ఏమిటని సర్వరును అడిగితే పాలను కొలిచే లాక్టోమీటరు డిగ్రీ అన్నాడు, నీళ్ళు కలపని పాలని అర్థం. కౌంటరు దగ్గరి పెద్దమనిషి కాదు, మొదట దిగిన డికాక్షనుకే ఫస్టు డిగ్రీ అని పేరన్నాడు. చికోరీయే డిగ్రీ అయిందనే వాదం నేను ఎప్పుడో చదివాను. ఏదైనా కానీయండి, ఇత్తడి దబరాలో నురగతో వచ్చిన ఆ కాఫీ బాగున్నది. కాని మా యింటి కాఫీ అంతకన్న చేదుగా వుండేది, నాకు అదే యిష్టం.

మర్నాడు కొట్టుకు వెళ్ళాను. పాత ఫిల్టరు లోపల వెండివలె మెరుస్తున్నది. పాత్రను వేడిచేసి, నవాసారంతో తోమి, తగరం అద్ది గుడ్డతో తిప్పుతూ పూస్తారు. అలవాటైన చెయ్యి కావాలి. నేను కొత్తది మాత్రం ఇత్తడిది తీసుకోలేదు. చిన్న ఇత్తడి ఫిల్టరు చూడముచ్చటగా వున్న మాట నిజమే. కాని డికాక్షనుకు పులుపు గుణం వున్నది, కళాయి అరిగితే ఇత్తడి రుచి దిగుతుంది. మా వీధికి కళాయివాడు వచ్చి యిరవై ఏళ్ళు దాటింది. “మా యింట్లోనూ స్టీలే” అని కొట్టు యజమానే ఒప్పుకొన్నాడు. రెండు కప్పుల స్టీలు ఫిల్టరు కొన్నాను. ఆయన నేర్పిన ప్రకారం వెలుతురుకు పట్టి, చిల్లులు సన్నగా, సమంగా వున్నవీ లేనిదీ చూశాను. పై గిన్నె కింది గిన్నెలో కదలకుండా కూర్చోవాలి, కాని మరీ బిర్రుగా వుండరాదు. లోపలి గాలికి దారి లేకపోతే బొట్టు దిగటం ఆగిపోతుంది. అట్లా ఆగితే పై గిన్నెను రవంత ఎత్తి పెడితే సరి. గొడుగు వంటి ఆ నొక్కుడు బిళ్ళ గిన్నె అంచులకు తగలకుండా తేలికగా దిగాలి.

యిప్పుడు నా పద్ధతి యిది. యిరవై గ్రాముల పొడి, అయిదో వంతు చికోరీ కలిసినది. (చికోరీ కలిపిన పొడిలో కాఫీ నూటికి యాభై ఒకటికి తగ్గరాదని చట్టం. పొట్లం మీద ఆ లెక్క ముద్రించి వుంటుంది, చదివి కొనండి.) బిళ్ళను వట్టినే ఆనించాలి, అదమరాదు. మరిగి దించిన నీళ్ళు మొదట కొంచెం చిలకరించి, పొడి తడిసి వుబ్బిన తరువాత మిగతావి పోస్తాను. మొత్తం నూరు మిల్లీలీటర్లు. పొడి తన బరువుకు రెండింతల నీరు పట్టుకొంటుంది గనుక దిగేది అరవై. యిరవై నిమిషాలు పడుతుంది. ఆ యిరవై నిమిషాలు నేను వంటింట్లోనే కూర్చుంటున్నాను. డికాక్షను నల్లగా, చిక్కగా వస్తున్నది.

పెద్ద ఫిల్టరు తిరిగి గూట్లో పెట్టాను. సంక్రాంతికి పిల్లలూ మనుమలూ వస్తే ఏడుగురమవుతాం, దానికి పని పడుతుంది. ఈసారి పొడి ధారాళంగా వేస్తాను. ఒక్క విన్నపం. కోయంబత్తూరులో గాని, తిరుప్పూరు, పొళ్ళాచ్చి వైపున గాని కళాయి వేసేవారు యింకా వున్నట్టు మన సభ్యులలో ఎవరికైనా తెలిస్తే, దయచేసి సంఘం కార్యాలయంలో చెప్పండి. ప్రతిసారీ కుంభకోణం పోవటం నా మోకాళ్ళకు చేతకాదు.