ఒక సున్నా విలువ

బ్యాంకు ఉద్యోగికి సున్నా విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. చెక్కులో ఒక సున్నా జారిపోతే ఎంత గొడవో మాకు తెలుసు. కంప్యూటరు కొనేటప్పుడు కూడా ఆ జాగ్రత్త అవసరమేనని ఈమధ్య బెంగళూరు ఎస్.పి. రోడ్డులో మదర్‌బోర్డు బేరం చేస్తుంటే అనిపించింది.

మా చెల్లెలు బట్టలు కుడుతూ, నెలనెలా చీటీ కట్టి 30,000 రూపాయలు కూడబెట్టింది. కూతురు బి.కాం. చదువుతోంది. టాలీ, ఎక్సెల్ నేర్చుకోవాలి, సి.ఎ. పాఠాలు వినాలి. "మావయ్యా, మానిటరు పాతదే ఉంది. మిగతావి నువ్వే చూసిపెట్టాలి" అంది.

రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకదాంట్లో బోర్డు హెచ్61, రెండోదాంట్లో హెచ్610. మొదటిదాని ధర రెండోదాంట్లో సగం కూడా లేదు. పైగా మొదటిదాంట్లో ఐ5 ప్రాసెసరు, రెండోదాంట్లో ఐ3. మిగిలే డబ్బు కాలేజీ ఫీజుకు పనికొస్తుందని మా చెల్లెలి ఆశ.

ఆమెకు లెక్క విప్పి చెప్పాను. బోర్డు పెట్టె కొత్తదే కాని, హెచ్61 చిప్‌సెట్ 2011 నాటిది. అందులో పట్టేవి ఇంటెల్ రెండు, మూడు తరాల ప్రాసెసర్లే. ఆ ఐ5 కూడా ఆనాటిదే. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసరు కనీసం ఎనిమిదో తరానిదై ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే కొన్ననాడే కాలం చెల్లిన సరుకన్నమాట! హెచ్610 వచ్చింది 2022లో. అది 12, 13, 14 తరాల ప్రాసెసర్లను తీసుకుంటుంది. ఇప్పుడు ఐ3 పెట్టుకున్నా, పిల్ల సంపాదనలో పడ్డాక అదే బోర్డులో ఐ5 వేసుకోవచ్చు.

కామర్సు భాషలో చెప్పాలంటే మదర్‌బోర్డు స్థిరాస్తి. ర్యామ్, ఎస్.ఎస్.డి. తరవాతైనా పెంచుకోవచ్చు. బోర్డు పాతతరానిదైతే, దాన్ని మార్చిననాడు ప్రాసెసరూ, ర్యామూ కూడా మార్చవలసి వస్తుంది. కనక పొదుపు చేయవలసింది రంగుల దీపాల మీద, ఓవర్‌క్లాకింగ్ వంటి హంగుల మీద. తరం మీద కాదు.

అంగట్లో మరికొన్ని అడిగి తెలుసుకోవాలి. ర్యామ్ స్లాట్లు రెండున్నాయా? బోర్డు డీడీఆర్4దా, డీడీఆర్5దా? ఒకదాని ర్యామ్ రెండోదాంట్లో పట్టదు. ఎన్‌విఎమ్‌ఇ ఎస్.ఎస్.డి.కి ఎమ్.2 స్లాటుందా? పాత మానిటరుకు విజిఎ పోర్టుందా? ఇంటెల్ ప్రాసెసరు నంబరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాలి. 13, 14 తరాల ప్రాసెసరైతే బోర్డులోని బయోస్ దానికి సరిపోతుందా అని కూడా అడగాలి. బిల్లు మీద సీరియల్ నంబరు తప్పక వేయించుకోవాలి. రేపు వారెంటీకి వెళితే అదే మన ఆధారం.

చివరికి హెచ్610 బోర్డే తీసుకున్నాం. 8 జీబీ ర్యామ్ ఒకటి వేయించి రెండో స్లాటు ఖాళీగా ఉంచాం. చీటీ డబ్బు దాదాపు అంతా అయిపోయింది. ఫీజుకు మిగల్లేదని మా చెల్లెలికి కాస్త బాధే. అయినా వచ్చే చీటీ పాడాక ఆ ఖాళీ స్లాటు నింపిస్తానని కూతురికి మాటిచ్చింది. ఇక ఫీజంటారా, మేనమామ ఉన్నది ఎందుకు?