కుడి పాదంలో కాలేయం

మీ కాలేయం ఎక్కడుందో చెప్పండి చూద్దాం. కుడి డొక్కలో అంటారా? అదీ నిజమే. కానీ మా ఊళ్లో మందుల షాపు మేడ మీద గదిలో ఒక ఐరిష్ ఆవిడ కూర్చుంటుంది. ఆవిణ్ణడిగితే కుడి అరికాల్లో ఉందంటుంది, మధ్యకి కాస్త పైన, చిటికెనవేలి వైపు జరిగి. ఊరికే అనడం కాదు, గోడకి పటం కూడా తగిలించింది. వేళ్లలో తలకాయ, సైనసులు. వేళ్ల కింద మెత్తగా ఉంటుందే, అక్కడ ఊపిరితిత్తులు. పాదం లోపలి అంచు పొడుగునా వెన్నెముక. రెండు పాదాలూ పక్కపక్కన పెడితే ఒక మనిషి తయారు! నవ్వుతున్నారా? నవ్వండి, నేనూ నవ్వాను. ఆవిడ నా పాదం చేతిలోకి తీసుకునేదాకా.

మా ఊరంటే కాకినాడ అనుకునేరు. అది పుట్టిన ఊరు. ఇప్పుడు ఉంటున్నది ఐర్లండులో, డబ్లిన్ పక్కన లూకన్‌లో. ఇక్కడ పాదాల బతుకు ఎంత దీనమో మీకు చెప్పినా అర్థం కాదు. మీరు హాయిగా చెప్పులు టకటకలాడించుకుంటూ తిరుగుతారు. మా పాదాలు అక్టోబర్లో సాక్సుల్లోకి వెళ్తే మళ్లీ ఏప్రిల్లో గానీ బయటికి రావు. వానా అంటే వాన కాదు, తుంపరా అంటే తుంపర కాదు, ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. బూట్లు తడి, గచ్చు చల్లన. అలాంటి పాదాన్ని ఎవరైనా వెచ్చటి తువ్వాల్లో చుట్టి, "ఇక మాట్లాడక్కర్లేదు, కళ్లు మూసుకో" అంటే ఏమైపోతాం చెప్పండి.

అదో పడక కుర్చీ. వెనక్కి వాలితే కాళ్లు ఆవిడ ఒళ్లోకి వస్తాయి. ఒక కాలు తువ్వాల్లోనే ఉంటుంది, చలేస్తుందని. రెండో కాలికి క్రీము రాసి ముందు మడమ పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంది. తర్వాత అసలు పని. బొటనవేలు వంచుతూ, చాపుతూ, గొంగళిపురుగులా అంగుళం అంగుళం పాకుతూ పోతుంది. నూనె మర్దనాలో చెయ్యి జారుతుంది చూశారూ, ఇది జారదు, నొక్కి కదుల్తుంది. ఒకచోట ఆగి, "ఇక్కడ కరకరలాడుతోంది, స్ఫటికాలు పేరుకున్నాయి" అంటుంది. స్ఫటికాలేంటమ్మా, నిన్న తిన్న ఆవకాయా? అడగలేదనుకోండి. వేళ్ల కింద గుంటలో ఒక చోటుంది, బొటనవేలితో నొక్కి పట్టుకుని మనల్ని గాలి పీల్చి వదలమంటుంది. అక్కడికి నా పని అయిపోతుంది. గుర్రు పెట్టానని ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను.

అంతా అయ్యాక ఒక గ్లాసు మంచినీళ్లిచ్చి, "బాగా తాగు, విషాలన్నీ పోతాయి" అంటుంది. రేపు తలనొప్పి వస్తే విషాలు పోతున్నట్టట. రాకపోతే పోయినట్టట. ఎటు తిరిగినా గెలుపు ఆవిడదే, ఈ లాజిక్కు మా అత్తగారికి కూడా తట్టలేదు!

రిఫ్లెక్సాలజీ అనే ఈ విద్య ఎక్కడ పుట్టిందనుకున్నారు? చైనా అనుకున్నాను నేను. మనకి తెలిసిన ఈ పటం మాత్రం అమెరికాదండీ. ఫిట్జ్‌జెరాల్డ్ అని చెవి, ముక్కు, గొంతు డాక్టరుండేవాడు. ఒంటిని తలనించి కాళ్లదాకా 10 నిలువు పట్టీలుగా గీశాడు. ఒక పట్టీలో ఎక్కడ నొక్కినా అదే పట్టీలో ఇంకోచోట నొప్పి తగ్గుతుందని 1917లో ఇంకొకాయనతో కలిసి పుస్తకం వేశాడు. నొక్కడానికి ఏం వాడేవాడో తెలుసా? రబ్బరు బ్యాండ్లు, దువ్వెనలు, బట్టలారేసే క్లిప్పులు! వేళ్లకి క్లిప్పులు పెట్టుకుని కూర్చున్న పేషెంట్లని ఊహించుకోండి ఒకసారి. 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు వచ్చి, ఆ పట్టీలన్నిటినీ పాదాల మీదకి దింపి, పటం గీసింది. బతికాం, క్లిప్పులు తప్పాయి.

ఫిట్జ్‌జెరాల్డ్ పేరు ఎత్తగానే మా పటం ఆవిడ "మావాడే" అంది. ఇక్కడ అంతే, పేరున్నవాడెవడైనా వీళ్లవాడే. ఒబామాగారి తల్లి వైపు ముత్తాతలెవరో మనీగాల్ అనే పల్లెటూరి వాళ్లని తేలింది కదా, ఆయన 2011లో వచ్చి అక్కడో బీరు తాగి వెళ్లాడు. వీళ్లు హైవే మీద ఆయన పేరుతో పెట్రోలు బంకు, తిండి కొట్లు కట్టుకున్నారు. నిజం, ఒబామా ప్లాజా అనే బోర్డుంటుంది. అందరం అక్కడే టీకి ఆగుతాం.

ఏదో చెప్తూ ఎటో పోయాను. ఆఁ, పాదాలు. ఈజిప్టులో సక్కారా దగ్గర అంక్‌మహోర్ అనే ఆయన సమాధి ఉంది, 4,000 ఏళ్ల పైమాట. దాని గోడ మీద ఒకడు ఇంకొకడి పాదం పట్టుకున్న బొమ్మ చెక్కారు. అది రిఫ్లెక్సాలజీయే అని ఈ విద్య నమ్మేవాళ్లు. కాదు, గోళ్లు తీస్తున్నాడేమో అని నమ్మనివాళ్లు. మనకెందుకండీ ఈ తగువు? మన ఇళ్లలో ఏ కేలండరు చూసినా శేషపాన్పు మీద స్వామి, పాదాల దగ్గర లక్ష్మీదేవి. లోకాలన్నీ నడిపే ఆయనకే కాళ్లు ఒత్తించుకోవాలనిపించింది. మనమెంత?

మరి విషాల సంగతి? అదొక్కటే నాకు మింగుడు పడదు. ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే ప్రొఫెసరు 2009లో రిఫ్లెక్సాలజీ మీద జరిగిన 18 పరీక్షలు ముందేసుకుని చూసి, ఏ జబ్బునైనా ఇది నయం చేస్తుందనడానికి నమ్మదగ్గ సాక్ష్యం లేదని తేల్చాడు. విషాలు వడగట్టే పనికి మన ఒంట్లో ఉద్యోగులు ముందే ఉన్నారు. కాలేయం, కిలోన్నర బరువు, సెలవు పెట్టదు. మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్లు వడపోసి, అందులో లీటరో రెండు లీటర్లో బయటికి పంపి మిగతాది వెనక్కిచ్చేస్తాయి. వాటిని వాటి పని చేసుకోనిద్దాం. నా పాదాలు మాత్రం ఆవిడ చేతుల్లోనే ఉండనిద్దాం.

అయినా డీటాక్సు అనగానే జనం పర్సులు తీస్తారు, అదేం మాయో! ఇక్కడి హెల్త్ షాపుల్లో డీటాక్స్ టీ అని అందమైన డబ్బా. వెనక చిన్నక్షరాలు చదివాను. చాలావాటిలో ఉన్నది సెన్నా, అంటే మన సునాముఖి ఆకు! విరేచనాల మందుని పువ్వుల బొమ్మ వేసి అమ్ముతున్నారు. చిన్నప్పుడు సెలవుల్లో మా అమ్మమ్మ పిల్లలందర్నీ వరసగా నించోబెట్టి ఆముదం పట్టించేది. ముక్కు మూసి, గ్లాసు ఎత్తి, పైన ఓ బెల్లం ముక్క. ఆ రోజంతా వీధిలో పిల్లలవి ఆముదం తాగిన మొహాలే. దానికి ఎవరూ బిల్లు వెయ్యలేదు, రివ్యూలూ అడగలేదు. ఇంకోటుంది, కరెంటు తొట్టి. ఉప్పు నీళ్లలో కాళ్లు పెడితే నీళ్లు ఎర్రమట్టి రంగుకి తిరుగుతాయి. మీ విషాలే అంటారు. కాళ్లు పెట్టకుండా స్విచ్చి వెయ్యమనండి, అప్పుడూ తిరుగుతాయి. లోపలి లోహం తుప్పు అది.

ఒళ్లు కడుక్కునే పిచ్చి ఐర్లండు వాళ్లకి కొత్తదేం కాదు. మా లూకన్‌లోనే 18వ శతాబ్దంలో గంధకం నీళ్ల ఊట దొరికిందట. కుళ్లిన గుడ్డు వాసన. ఆ కాలపు డబ్లిన్ దొరలు బళ్లు కట్టుకుని వచ్చి, ముక్కు మూసుకుని తాగేవాళ్లు. ఇంతకన్నా తమాషా, క్లేర్ జిల్లాలో లిస్డూన్‌వార్నా. అక్కడా గంధకం నీళ్లు, ఇనుము నీళ్లు. కోతలైపోయాక సెప్టెంబర్లో రైతులు కీళ్ల నొప్పులకని ఆ నీళ్లు తాగడానికి వచ్చేవాళ్లు. చేతిలో నాలుగు డబ్బులు, చెయ్యడానికి పనిలేదు, ఊరినిండా పెళ్లికాని ప్రసాదులు. ఇంకేం, పెళ్లిళ్ల పేరయ్యలు దిగారు! నీళ్ల సంగతి జనం మెల్లగా మర్చిపోయారు, సంబంధాలు మిగిలాయి. ఇప్పటికీ ఏటా సెప్టెంబరంతా పెళ్లి సంబంధాల జాతర. విల్లీ డాలీ అనే పేరయ్యగారి దగ్గర పాత కాగితాల కట్టొకటుంది, కళ్లు మూసుకుని దాన్ని రెండు చేతులా తాకితే ఆరు నెలల్లో పెళ్లవుతుందని నమ్మకం. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? టికెట్టు చూడమంటారా?

హాయి కావాలంటే మాత్రం స్లైగో జిల్లాలో ఎన్నిస్‌క్రోన్ వెళ్లండి. 1912 నాటి స్నానాల ఇల్లుంది, కిల్కల్లెన్ కుటుంబం వాళ్లది. ముందు దేవదారు పెట్టెలో కూర్చోబెట్టి తలుపు మూస్తారు, తల ఒక్కటే బయట. లోపల ఆవిరి. ఒళ్లంతా చెమటలు పట్టాక, మనిషి మునిగే పింగాణీ తొట్టి, ఇత్తడి కుళాయిలు, వేడి చేసిన అట్లాంటిక్ సముద్రపు నీళ్లు, అందులో సముద్రపు నాచు. ఆ నాచు ఆకులు పట్టుకుంటే జిగురు నూనె ఊరుతుంది. తీసుకుని అరికాళ్లకి రుద్దుకోండి. నలుగు పెట్టి తలంటుకున్న మెత్తదనం వస్తుంది, కుంకుడు రసం కళ్లల్లో పడకుండా!

ఇవన్నీ ముద్దు ముచ్చట్లు. అసలు సిసలు పాదాల వైద్యం, కడుపు కడగడం ఒకే చోట కావాలంటే డనిగాల్ జిల్లాలో లాఖ్ డెర్గ్ చెరువు. దాని మధ్య చిన్న దీవి, సెయింట్ పాట్రిక్ పేరున. వేసవిలో మూడు రోజుల యాత్ర. పడవ దిగి చెప్పులు విప్పారంటే, మళ్లీ వేసుకునేది వెళ్లే రోజే. పాత రాతి గుడిసెల పునాదులు గుండ్రంగా మిగిలున్నాయి, వాటి చుట్టూ, వాటి లోపలా, మొనదేలిన రాళ్ల మీద ప్రార్థనలు చేస్తూ తిరగాలి. వాన పడుతుంది, పడకపోతే దోమలు. మొదటి రాత్రి జాగారం, కునుకు తీయకూడదు. తిండి రోజుకి ఒక్కపూట: ఎండు రొట్టె, ఓట్స్ బిస్కెట్లు, పాలు లేని టీ. ఇంకా సూపు కూడా ఉందండోయ్, లాఖ్ డెర్గ్ సూపు. వేడినీళ్లలో ఉప్పూ మిరియాలూ. అంతే. మన మిరియాల చారులోంచి చారు తీసేస్తే మిగిలేది.

మా ఆఫీసులో ఒకావిడ వెళ్తుంది. ఆకలి సరే, నిద్రా సరే, పాలు లేని టీయే అసలు తపస్సు అంటుంది. తలసరి టీ తాగుడులో ప్రపంచంలో ముందు వరసలో ఉన్న జనం మరి. మూడో రోజు ఇంటికొచ్చాక కూడా అర్ధరాత్రి దాకా ఉపవాసమే. గడియారం 12 కొట్టాక ఫ్రిజ్ దగ్గర ఎవరుంటారో నేను చెప్పక్కర్లేదు. మన ఏకాదశి ఉపవాసం గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఉప్మా, రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాలు, సాయంత్రం మళ్లీ ఏదో ఒకటి. మామూలు రోజే నయం, తక్కువ తింటాం! తిరుమల మెట్లు మాత్రం మనకి గట్టి పాయింటు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, వట్టి కాళ్లతో. ఆవిడకి ఫొటో చూపించి పరువు నిలబెట్టాను.

మరి నా రోజువారీ ఏంటంటారా? పెద్ద గొప్పేం కాదు. లేవగానే జీలకర్ర వేసి కాచిన నీళ్లు, ఎందుకంటే నాకు ఆ వాసనిష్టం. భోజనం ఏడు లోపల, ఇక్కడి వాళ్లు ఆరింటికే తినేస్తారు కాబట్టి మనకీ అలవాటైపోయింది. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుగే, తిన్నాక లిఫీ నది పక్కన సెయింట్ క్యాథరిన్స్ పార్కులో నడక. డిసెంబర్లో నాలుగింటికే చీకటి. అప్పుడు నడక ఇంట్లో మెట్ల మీద, విటమిన్ డి చుక్కలు నాలిక మీద. శీతాకాలం ఇక్కడి ఎండ ఎండే కాదు, మన రంగుకి అసలే చాలదు.

రాత్రి మాత్రం నా పాదాల దర్బారు. ప్లాస్టిక్ టబ్బు, గోరువెచ్చటి నీళ్లు, గుప్పెడు ఉప్పు. కాళ్లు తుడుచుకుని అరికాళ్లకి నువ్వులనూనె. ఇండియా నుంచి తెచ్చుకున్న కంచు గిన్నె ఉంది, దాని అడుగుతో గుండ్రంగా రుద్దితే ఎక్కడో మెడ దగ్గర వదులవుతుంది, పటం ఆవిడ మాట నిజమేనేమో అని అనుమానం వస్తుంది కూడా. జలుబు చేస్తే నూనె బదులు అమృతాంజనం, పైన సాక్సులు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో ఆ డబ్బా మొదలుపెట్టినప్పుడు అది లూకన్‌లో సాక్సుల్లోకి చేరుతుందని అనుకుని ఉండరు. మా ఆయన ముక్కు మూసుకుని పక్క గదిలోకి పోతాడు. పోనీండి, మంచం మొత్తం నాదే.

ఇదిగో, షుగరు ఉన్నవాళ్లు నా మాట విని గబుక్కున వేడినీళ్లలో కాళ్లు పెట్టేరు! అరికాళ్లకి స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలీదు. ముందు మోచేత్తో నీళ్లు చూసుకోండి, లేదా ఇంట్లో ఇంకొకళ్లని చూడమనండి. పుండు ఉంటే ఈ ముచ్చట్లేవీ వద్దు, డాక్టరు దగ్గరికే. కడుపుతో ఉన్నవాళ్లు కూడా డాక్టర్ని అడిగే నొక్కించుకోండి.

ఆ వేడినీళ్ల దగ్గరే ఈ దేశంలో చిక్కు. నీళ్లు కాగడానికి ఇమ్మర్షన్ అని ఒక స్విచ్చుంటుంది. ఐరిష్ ఇళ్లలో పిల్లలు ఏ తప్పు చేసినా క్షమిస్తారు గానీ, ఇమ్మర్షన్ ఆపకుండా బయటికెళ్తే మాత్రం ఎయిర్‌పోర్టు దారి నుంచైనా కారు వెనక్కి తిప్పుతారట. బిల్లు అలాంటిది మరి. అయ్యో, కబుర్లలో పడి నేను వేసి గంటయింది! ఉండండి, మా ఆయన చూడకముందే ఆపేసొస్తాను.